మారుపేరు, మారువేషం: చదువు గ్రూపుల నిర్వాహకులకు బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల డీఎస్సీ (ప్రభుత్వ ఉపాధ్యాయ నియామక పరీక్ష) అభ్యర్థుల కోసం టెలిగ్రామ్‌లోను, వాట్సాప్‌లోను చదువు గ్రూపులు నడుపుతున్న నిర్వాహకులకు,

నమస్కారం.

నేను నెల్లూరు జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 35 ఏళ్లు గణితం చెప్పి, 2024లో ఉద్యోగ విరమణ చేసి, కావలిలో ఉంటున్న ఉపాధ్యాయురాలిని. మీ గ్రూపుల్లో మూడింటిలో గణితం కంటెంట్, మెథడాలజీ (బోధన పద్ధతులు) సందేహాలకు రోజూ సాయంత్రం పూట జవాబులు రాస్తున్నాను. నా పేరు, నా ఫోన్ నంబరు, నేను పనిచేసిన బడి మీకు తెలుసు. ఈ లేఖను మీలో ఒక్కొక్కరికీ నా పేరుతోనే పంపాను. అందరూ చదివే ఈ ప్రతిలో మాత్రం పేరు వేయలేదు. వేస్తే నా పేరు వెంట బడి పేరు, బడి పేరు వెంట ఒక అమ్మాయి ఆనవాలు బయటపడతాయి. ఆమె సంగతి ముందు ముందు చెబుతాను.

ఈ నెల మొదటి వారంలో మీరొక ప్రకటన పెట్టారు. గ్రూపులో కొనసాగదలచిన ప్రతి ఒక్కరూ 30వ తేదీలోగా ఆధార్ కార్డును రెండు వైపులా ఫోటో తీసి, పాత హాల్ టికెట్‌తో కలిపి నిర్వాహకుల నంబరుకు పంపాలని, పంపనివారిని తొలగిస్తామని, ఇకమీదట అందరూ ఆధార్‌లో ఉన్న పేరుతోనే గ్రూపులో కనిపించాలని దాని సారాంశం. ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవాలని అడగడానికే ఇది రాస్తున్నాను. మీరు ఆ నిర్ణయానికి ఎందుకు వచ్చారో నాకు తెలుసు. జరిగిన మోసం చిన్నది కాదు. అది బయటపడిన రోజున నాకూ కోపంతో నిద్ర పట్టలేదు. అయితే మోసం చేసింది ఒకరు, ఇప్పుడు సోదా జరుగుతున్నది మరొకరికి.

ఆ మోసం గురించి తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. గ్రూపులో ఏడాదిగా నాలుగు గొంతులు గట్టిగా వినిపించేవి. 16,347 పోస్టులతో వచ్చిన మెగా డీఎస్సీలో ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా, ఎంపికైన అక్క ఒకరు. రెండుసార్లు అర మార్కులో పోయి, మూడోసారి ఉద్యోగం కొట్టిన అన్న ఒకరు. ఇంకా చదువుతున్న తమ్ముడు, చెల్లెలు మరో ఇద్దరు. పెద్దలిద్దరూ తమ అనుభవాలు చెప్పేవారు, చిన్నవాళ్లిద్దరూ వాళ్లను అడిగేవారు. ఏ దారిన మొదలైనా మాట చివరికి ఒక కోచింగ్ సంస్థ ఆన్‌లైన్ టెస్టుల దగ్గరికి, 4,800 రూపాయల మెటీరియల్ దగ్గరికి చేరేది. దశాబ్దాలుగా జవాబు పత్రాలు దిద్దిన కన్ను కాబట్టి నాకొక విషయం కనిపించింది. నలుగురూ ‘పరీక్ష’ను ‘పరిక్ష’ అనే రాసేవారు, నలుగురూ కామాకు ముందు ఖాళీ వదిలేవారు. అనుమానం వచ్చినా పైకి అనలేదు, అది నా తప్పు. ఒక రాత్రి సింగరాయకొండ నుంచి చదువుకుంటున్న ఒక గృహిణి, “అక్కా, పాప పుట్టిన ఏడాదే చదివారు కదా, ఎలా కుదిరింది?” అని అడిగింది. “అత్తమ్మ పాపను చూసుకునేవారు, నేను తెల్లవారుజామున 4 గంటలకే లేచేదాన్ని” అనే జవాబు అన్న పేరు మీద వచ్చింది. రెండు నిమిషాల్లో చెరిపేశారు గానీ అప్పటికే చూడవలసినవాళ్లు చూశారు. ఆ నలుగురూ ఒక్కరే. ఆ సంస్థ నెల జీతానికి పెట్టుకున్న ఒక కుర్రవాడు, అతనూ డీఎస్సీ అభ్యర్థే.

ఆ కుర్రవాడిని గ్రూపులో పట్టుకుని తిట్టిన తిట్లు నేను చదివాను. అది ఆగాలి. గది అద్దె కట్టుకోలేక ఆ పని ఒప్పుకున్నవాడికన్నా ఆ పని పురమాయించినవారు పెద్ద దోషులు. వారి పేరు ఇంతవరకు గ్రూపులో ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆధార్ సంగతి. మన గ్రూపుల్లో పేరు దాచుకున్నవారు ఎవరో దయచేసి ఒకసారి చూడండి. ప్రైవేటు బడిలో టీచరుగా పనిచేస్తూ, చేరేటప్పుడే ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం చేతిలో పెట్టి, డీఎస్సీకి చదువుతున్నానని తెలిస్తే మరుసటి రోజు ఉద్యోగం ఉండదన్న భయంతో మారుపేరు పెట్టుకున్నవారు ఉన్నారు. కోచింగ్‌కు డబ్బు తగలేస్తున్నావని అత్తగారింట్లో మాట పడలేక, బాబు పేరు మీద ఖాతా తెరిచి, వాడు నిద్రపోయాక చదువుకుంటున్న తల్లులు ఉన్నారు. వాట్సాప్ గ్రూపులో నంబరు అందరికీ కనిపిస్తుంది కాబట్టి అర్ధరాత్రి ‘హాయ్’లు, ‘మీ డీపీ బాగుంది’లు భరించలేక టెలిగ్రామ్‌కు మారి, అక్కడ మగపేరు పెట్టుకుని ఊపిరి పీల్చుకున్న ఆడపిల్లలు ఉన్నారు. ఇంటిపేరు చూడగానే కులం లెక్కకట్టే అలవాటు మనలో ఎంత పాతుకుపోయిందో నేను మీకు చెప్పనక్కర్లేదు. రిజర్వేషన్ కటాఫ్ గురించి ఒక పిల్లవాడు అడిగిన మామూలు ప్రశ్నకు ఎలాంటి జవాబులు వచ్చాయో మీరూ చూశారు, చెరిపారు కూడా. ఆ పిల్లవాడు మరుసటి వారం ఇంటిపేరు తీసేసి, పేరులో మొదటి అక్షరాలు మాత్రమే ఉంచుకున్నాడు. అతను ఎవరిని మోసం చేశాడు?

వీళ్లెవరూ తాము కానిదాన్ని అయ్యామని చెప్పుకోలేదు. చదువుకునేవాళ్లు చదువుకునేవాళ్లుగానే వచ్చారు, పేరు మాత్రం గుమ్మం బయట వదిలి వచ్చారు. మారుపేరు మనకు కొత్తది కాదు, సిగ్గుపడవలసిందీ కాదు. ఆనాటి నెల్లూరు జిల్లాలో పుట్టిన కిళాంబి నరసింహాచార్యులను తెలుగు దేశమంతా ఆత్రేయ అనే పిలుచుకుంది. కలం పేరుతో రాసినంత మాత్రాన ఆయనను ఎవరూ మోసగాడు అనలేదు. ఆ నాలుగు ఖాతాలవాడు పెట్టుకున్నది మారుపేరు కాదు, వేసుకున్నది మారువేషం. అమ్మేవాడు కొనేవాడి వేషం వేశాడు, ఒక్కడు నలుగురిగా నిలబడ్డాడు, రాని ఉద్యోగం వచ్చిందన్నాడు. ఈ మూడింటిలో ఏదీ అతని అసలు పేరు తెలియకపోవడం వల్ల జరగలేదు. అతను తన అసలు పేరుతోనే ‘నాకు ఉద్యోగం వచ్చింది’ అని రాసి ఉన్నా ఆ 4,800 రూపాయలు అలాగే పోయేవి.

పైగా ఆధార్ ఫోటో ఎంత బరువైన వస్తువో మీరు ఆలోచించినట్టు లేదు. అందులో 12 అంకెల సంఖ్య, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, ఆడవాళ్ల కార్డుల్లో తరచు తండ్రి పేరో భర్త పేరో ఉంటాయి. వేల మంది కార్డులు మీలో ఒకరి ఫోన్ గ్యాలరీలో చేరతాయి. ఆ ఫోన్ స్క్రీన్ పగిలి ట్రంక్ రోడ్డులో రిపేరు షాపుకు వెళ్తే ఆ కార్డులన్నీ దాంతోపాటే వెళ్తాయి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది. ప్రైవేటు సంస్థలు ఆధార్ కోసం పట్టుబట్టడానికి ఆసరాగా ఉన్న చట్టభాగాన్ని 2018 సెప్టెంబరులో అదే కోర్టు కొట్టివేసింది. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ఏ పనికి ఎంత సమాచారం అవసరమో అంతే తీసుకోవాలని, 18 ఏళ్లు నిండనివారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని చెబుతోంది. మీ గ్రూపుల్లో డీఎడ్ (ఉపాధ్యాయ శిక్షణ) ప్రవేశానికి చదువుతున్న ఇంటర్ పిల్లలు కూడా ఉన్నారన్న సంగతి మరవకండి. ఈ చట్టాలతో మిమ్మల్ని బెదిరించాలని నా ఉద్దేశం కాదు. మీరు ఉచితంగా, రాత్రుళ్లు కూర్చుని ఈ పని చేస్తున్నారని తెలుసు. మీరు మోయలేని బరువును మీకై మీరు నెత్తికెత్తుకుంటున్నారని చెబుతున్నాను.

మారువేషం తప్పని ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో చెప్పాలంటే నేను చేసిన పని చెప్పాలి.

2020లో బడులు మూతపడ్డాక పదో తరగతి పిల్లల కోసం వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టాను. దూరదర్శన్‌లో పాఠాలు వచ్చేవి, అవి చూశాక సందేహాలుంటే గ్రూపులో అడగమన్నాను. 40 మంది చేరారు. మూడు వారాలు గడిచినా ఒక్కరూ ఒక్క సందేహం అడగలేదు. అర్థమైందా అంటే ‘యెస్ మేడం’ అని వరసగా వచ్చేవి. తరగతిలోనైతే ముఖాలు చూసి ఎవరికి అర్థం కాలేదో కనిపెట్టేదాన్ని. ఫోనులో ముఖాలు లేవు. అప్పుడు మా ఇంట్లో వాడకుండా పడి ఉన్న ఒక నంబరుతో రమ్య అనే అమ్మాయిని సృష్టించాను. వేరే ఊరి నుంచి కొత్తగా చేరిందని పిల్లలకు చెప్పాను. ప్రొఫైల్ బొమ్మగా సన్నజాజుల ఫోటో పెట్టాను. మొదటి రోజు రమ్య చేత, “మేడం, మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకవుతుంది?” అని అడిగించాను. అది ఏడో తరగతి ప్రశ్న. పదో తరగతికి వచ్చాక అడగడానికి సిగ్గు, అడగకపోతే వర్గ సమీకరణాల దగ్గర అడుగు ముందుకు పడదు. రోజుకు 50 రూపాయల చొప్పున మూడు రోజుల అప్పును షాపతను కొట్టివేస్తే మన చేతిలో 150 మిగిలినట్టే కదా అని మేడం హోదాలో నేనే జవాబు చెప్పాను. ఆ సాయంత్రమే మరో ఇద్దరు నోరు విప్పారు. నెల తిరిగేసరికి సగం మంది అడుగుతున్నారు. నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అప్పుడు ఒక అమ్మాయి రమ్యకు విడిగా మెసేజ్ పెట్టింది. “రమ్యా, మీ ఇంట్లో ఫోను నీ ఒక్కదానికే ఇస్తారా?” అని. (ఆమెను గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను.) నేను జవాబు ఇవ్వకుండా ఉండవలసింది. “లేదు, అమ్మ ఫోను” అని రాశాను. అక్కడితో ఆగలేదు. ఆ పిల్ల రోజూ ఏదో ఒకటి పంపేది, వండిన కూర, తమ్ముడి అల్లరి, అర్థం కాని లెక్క. నేను పదిహేనేళ్ల పిల్లలా తిరిగి రాసేదాన్ని. ఆమెకు లెక్కలు వస్తున్నాయి కదా, ఇందులో తప్పేముంది అని సర్దిచెప్పుకునేదాన్ని. ఒక రాత్రి ఇలా వచ్చింది: “మా నాయనకు రొయ్యల గుంట కాడ పని పోయింది. నాకు సంబంధం చూస్తన్నారు. మేడంకి మాత్రం చెప్పొద్దు, ఒట్టు.”

ఆ మేడం నేనే. ఆ రాత్రి ఫోను చేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు. ఆమె మాట నిలబెడితే ఒక పిల్ల బతుకు పోతుంది, నిలబెట్టకపోతే ఆమె నమ్మిన ఒక్క స్నేహితురాలు ద్రోహి అవుతుంది. ఆ స్నేహితురాలు అసలు లేనే లేదు. రెండో రోజు గ్రామ సచివాలయం మహిళా పోలీసును వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. తల్లి మంచినీళ్లు ఇచ్చింది, తండ్రి తల వంచుకుని విన్నాడు, పెళ్లి మాట ఆగిపోయింది. ఆ అమ్మాయి తలుపు వారన నిలబడి నన్ను చూసిన చూపు ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. ఈ సంగతి నాకు ఎవరు చెప్పారో నేను ఎక్కడా అనలేదు. కానీ ఆమె చెప్పింది రమ్య ఒక్కదానికే. ఆ సాయంత్రం గ్రూపులో అందరికీ నిజం చెప్పి క్షమాపణ అడిగాను. రాత్రికల్లా ఆమె గ్రూపు నుంచి వెళ్లిపోయింది. నవంబరులో బడులు తెరిచాక తరగతికి వచ్చింది, చివరి బెంచీలో కూర్చుంది, ఆ ఏడాదంతా నన్ను ఒక్క సందేహం కూడా అడగలేదు.

రమ్య లేకపోతే ఆ పెళ్లి ఆగేది కాదు కదా అని తోటి ఉపాధ్యాయులు కొందరు నన్ను ఓదార్చారు. ఈ మాటను నేను తేలిగ్గా కొట్టిపారేయను. ఫలితం మంచిదే. కానీ ఆ మాట నాకు చెప్పాలని ఆ పిల్ల అనుకోలేదు. తన వయసు పిల్లకు చెప్పుకుంటున్నానని నమ్మి చెప్పింది. ఆ నమ్మకాన్ని నేను అడిగి పుచ్చుకోలేదు, వేషం వేసి తీసుకున్నాను. ఆమెకు లెక్కల్లో వచ్చిన ధైర్యం కూడా ఆ నమ్మకం మీద నిలిచిందే కాబట్టి, ఒకటి కూలినప్పుడు రెండోదీ కూలింది. నా ఉద్దేశం మంచిది, ఆ కోచింగ్ సంస్థ ఉద్దేశం డబ్బు. ఆ తేడా నాకు తెలుసు, అది చిన్న తేడా కాదు. అయినా అవతలివైపు కూర్చున్న పిల్లకు జరిగింది ఒకటే. తనతో సమానమని నమ్మిన మనిషి నిజానికి తన మీద అధికారం ఉన్న మనిషి.

ఆ పని చేసేటప్పుడు నాకు గుర్తుకు రావలసి, రాని విషయం ఒకటి ఉంది. 1990 దశకం మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం సాగినప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరినదాన్ని, రాత్రి కేంద్రాలకు వెళ్లి చెప్పేదాన్ని. వాచకంలో సీతమ్మ అనే ఆమె కథ ఉండేది. సారాకు బానిసైన మగవాడి వల్ల నాశనమైన ఇల్లు ఆమెది. లాంతరు వెలుగులో అక్షరాలు కూడబలుక్కుని ఆ పాఠం చదివిన ఆడవాళ్లు, “ఇది మన ఊరి కథే కదమ్మా” అనేవారు. కలిగిరి మండలం దూబగుంటలో ఆ మాట అంతటితో ఆగలేదు. అక్కడి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు, 1992లో అది జిల్లా అంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలోనే సారా నిషేధం వచ్చింది. సీతమ్మ కల్పిత స్త్రీ. ఆ సంగతి చదివేవాళ్లకూ చెప్పేవాళ్లకూ తెలుసు. పక్క వీధిలో ఉంటుందని ఎవరూ నమ్మించలేదు, ఆమె పలక పట్టుకుని వాళ్ల మధ్య వచ్చి కూర్చోలేదు. కథ అని తెలిసి చదివిన కథే వాళ్ల చేత సొంత పేర్లతో, సొంత గొంతుతో మాట్లాడించింది. నేను రమ్యను కూడా అలాగే కథలో పిల్లగా ప్రవేశపెట్టి ఉండవచ్చు. “రమ్య అనే పిల్లకు ఈ సందేహం వచ్చిందనుకోండి” అంటే సరిపోయేది.

ఇంగ్లీషు వికీపీడియాలో ఎస్‌జే అనే మారుపేరుతో రాసిన ఒకాయన ఉదంతం కూడా ఇక్కడ పనికొస్తుంది. తాను మతశాస్త్రంలో ఆచార్యుడినని, డాక్టరేట్లు ఉన్నాయని చెప్పుకున్నాడు, వ్యాసాల మీద వాదనల్లో ఆ చదువును సాక్ష్యంగా చూపాడు. ఒక పేరున్న అమెరికన్ పత్రిక 2006లో ఆ మాటలే నిజమనుకుని అచ్చువేసింది. 2007లో చూస్తే ఆయన 24 ఏళ్ల యువకుడు, ఆ పట్టాలేవీ లేవు. ఆయన పదవులన్నీ వదులుకుని వెళ్లిపోవలసి వచ్చింది. గమనించవలసింది ఏమిటంటే, ఆయన మారుపేరును ఎవరూ తప్పుపట్టలేదు. 2003 డిసెంబరులో మొదలైన మన తెలుగు వికీపీడియాతో సహా ఆ విజ్ఞాన సర్వస్వాలన్నిటిలో మారుపేర్లతో రాసేవారు ఎందరో ఉన్నారు. ఒకే మనిషి చాలా ఖాతాలతో వచ్చి బలం చూపించడాన్ని మాత్రం వారు ఒప్పుకోరు. ఆ గొడవ తర్వాత కూడా వారు అందరి గుర్తింపు కార్డులూ అడగలేదు.

మరొకటి మనకు ఇంకా దగ్గరిది. అమెరికాలోని జార్జియా టెక్‌లో అశోక్ గోయల్ అనే ఆచార్యుడు 2016లో తన ఆన్‌లైన్ కోర్సులో జిల్ వాట్సన్ అనే సహాయకురాలిని పెట్టారు. సుమారు 300 మంది విద్యార్థులకు ఆమె గడువులు, నియమాల వంటి ప్రశ్నలకు జవాబులు ఇచ్చేది. ఆమె మనిషి కాదు, ఐబీఎం కంపెనీ వారి వాట్సన్ అనే కృత్రిమ మేధ మీద కట్టిన ప్రోగ్రామ్ అని విద్యార్థులకు కోర్సు చివర్లో గాని చెప్పలేదు. చాలామంది ఆశ్చర్యపోయి సంబరపడ్డారు. అది కృత్రిమ మేధను నేర్పే కోర్సు, అడిగినవి ప్రాణం మీదికి వచ్చే ప్రశ్నలు కావు కాబట్టి అక్కడ హాని జరగలేదు. అయినా ముందే చెప్పి ఉండవలసిందనే నా అభిప్రాయం. ఇప్పుడు మన గ్రూపుల్లో తెల్లవారుజామున 2 గంటలకు కూడా చక్కటి తెలుగులో జవాబులు వస్తున్నాయి. వాటిలో ఏవి మనిషి రాసినవో, ఏవి యంత్రం రాసినవో మీకైనా తెలుసా? యంత్రం జవాబులు వద్దని నేను అనడం లేదు. బాలవికాసం సిద్ధాంతాల మీద తప్పు జవాబు చదువుకుని పరీక్షకు వెళ్లే పిల్లకు, అది ఎవరి మాటో తెలుసుకునే హక్కు ఉంది.

కాబట్టి మీరు ఏం చేయాలని నేను అనుకుంటున్నానో చెబుతాను. గ్రూపులో పాఠం చెప్పేవారు, పుస్తకమో టెస్టులో కొనమని సిఫారసు చేసేవారు, ‘నాకు ఉద్యోగం వచ్చింది, నా మాట వినండి’ అనేవారు ముందుగా తామెవరో సభ్యులందరికీ చెప్పాలి. ఎక్కడ పనిచేస్తున్నారు, ఆ సిఫారసు వల్ల తమకేమైనా ముడుతుందా అన్నది రాసి గ్రూపు పైభాగాన పిన్ చేయాలి. ప్రచారం చేసేవారికి అమ్మేవారితో ఉన్న సంబంధం బయటపెట్టాలని 2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు ఇప్పటికే చెబుతున్నాయి. విద్యార్థి విజయాన్ని ప్రకటనలో వాడుకోవాలంటే ఆ విజయం తర్వాత అతని లిఖితపూర్వక అనుమతి ఉండాలని 2024 నవంబరులో కోచింగ్ సంస్థలకు విడిగా చెప్పారు. లేని విజేతను పుట్టించడం ఆ నియమాన్ని వెక్కిరించడమే. కంప్యూటర్ సాధనాలతో మరొకరిలా నటించి మోసగిస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. డబ్బు పోగొట్టుకున్నవారు ఫిర్యాదు చేయదలిస్తే ఆ నాలుగు ఖాతాల మెసేజ్‌లు చెరిపేయకుండా వారికి ఇవ్వండి. ఇప్పటికే కొన్ని చెరిగిపోయాయని విన్నాను.

నియమం మొదట మీకే వర్తించాలి. టెలిగ్రామ్‌లో నిర్వాహకులు తమ పేరు కనపడకుండా గ్రూపు పేరుతోనే రాసే వెసులుబాటు 2020 నుంచి ఉంది. గ్రూపు వేళల గురించో, అసభ్య మెసేజ్ తొలగించడం గురించో రాసేటప్పుడు అది వాడుకోండి. ఒక మెటీరియల్ బాగుందని రాసేటప్పుడు మాత్రం మీలో ఎవరు రాస్తున్నారో తెలియాలి. ఆ నాలుగు గొంతులకు వత్తాసుగా గ్రూపు పేరు మీద వచ్చిన మెసేజ్‌లు నా దగ్గర ఏడు ఉన్నాయి. మీలో ఎవరికైనా ఆ సంస్థతో లావాదేవీ ఉందో లేదో మీరే చెప్పాలి. లేదని రాస్తే నేను నమ్ముతాను.

చదువుకోవడానికి వచ్చినవారిని మాత్రం ఏ కాగితమూ అడగకండి. ఏ పేరుతో వచ్చినా రానివ్వండి. అసభ్యంగా ప్రవర్తించినవారిని, ఒకటికి మించి గొంతులతో మాట్లాడినవారిని ఆ ప్రవర్తన చూసి తొలగించండి. ఎవరినైనా నిర్ధారించుకోక తప్పని సందర్భం వస్తే, మీలో ఒక స్త్రీ, ఒక పురుషుడు కలిసి వీడియో కాల్‌లో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చూసి, ఫోటో తీయకుండా, దాచకుండా వదిలేయండి. మీ బృందంలో ఇప్పుడు ఒక్క స్త్రీ కూడా లేదు, ముందు అది సరిచేయండి. పేరు దాచుకున్న పిల్ల ఎవరైనా తనకు ఇంట్లో ఆపద ఉందని విడిగా రాస్తే, స్నేహితుడిలా కబుర్లు చెప్పకుండా మీరెవరో వెంటనే చెప్పి, పిల్లల సహాయానికి ఉన్న 1098 నంబరు ఇచ్చి, ఆమె ఒప్పుకుంటే తోడు నిలబడండి. ఈ చివరి మాట నేను చాలా ఖరీదు చెల్లించి నేర్చుకున్నది.

30వ తేదీ నాటికి నేను నా ఆధార్ కార్డు పంపడం లేదు. నా వంతు వివరాలు ఇవి: ఏ కోచింగ్ సంస్థతోనూ, ఏ పుస్తక ప్రచురణతోనూ నాకు సంబంధం లేదు, ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు, నా జవాబులు నేనే రాస్తాను, యంత్రం సాయం తీసుకున్న రోజున అక్కడే ఆ మాట రాస్తాను. ఇది నా పేరుతో గ్రూపులో పిన్ చేయండి. నన్ను తొలగిస్తే మిమ్మల్ని తప్పుపట్టను. మారుపేర్లతో చదువుకుంటున్న ఆ పిల్లలను, తల్లులను తొలగించకుండా ఉంటే చాలు. సంభావ్యత మీద వాళ్లు అడిగిన పదకొండు సందేహాలకు ఇంకా జవాబు రాయవలసి ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు,
కావలి.